సొంత స్థలంలో ఏం పెట్టుకోవాలో చెప్పే అధికారం మాస్టర్ ప్లాన్‌కి ఎక్కడి నుంచి వచ్చింది?

లంకతోట అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లె. నాన్నగారి పేరున 70 సెంట్ల కొబ్బరి తోట ఉంది, రోడ్డు వైపు కొంచెం ఖాళీ ఉంటే అక్కడ షెడ్డు వేసి పీచు మిషన్ పెడదామని తమ్ముడూ నేనూ అనుకున్నాం. కొబ్బరి డొక్కలకి మా దగ్గర కొదవ లేదు, లారీలకి ఎత్తి బయటికి పంపుతున్నారు, అదేదో ఇక్కడే పీచు తీస్తే ఊళ్ళో నలుగురికి పని దొరుకుతుంది కదా అని మా ఆశ. నాలా కన్వర్షన్ డబ్బు, అదే సాగు భూమిని సాగుకాని భూమిగా మార్చుకునే రుసుము, అప్పట్లోనే కట్టేశాం. బ్యాంకు వాళ్ళు కూడా లోను ఇస్తామన్నారు. ప్లాను పెడితే మాత్రం వెనక్కి వచ్చేసింది. మా సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ అట, అక్కడ ఈ రకం పరిశ్రమ కుదరదట.

పాస్ పుస్తకం మాది, పన్ను మేమే కడుతున్నాం, తాతగారి కాలం నుంచి ఆ నేల మాది. ఎవరో ఆఫీసులో కూర్చుని మ్యాపు మీద పసుపు రంగు వేస్తే మా హక్కు పోతుందా? ఆ మ్యాపు చట్టమా, లేక ఆఫీసు వాళ్ళు రాసుకున్న కాగితమా? అసలు రాజ్యాంగంలో దీనికి చోటు ఉందా?

ఇంకోటి, మనసుకి బాగా కష్టంగా ఉన్న సంగతి. మా తోటకి రెండు ఫర్లాంగుల దూరంలో, మురుగు కాలువకి అవతల, మంచి మాగాణి చేలల్లో రొయ్యల చెరువులు తవ్వేశారు. పంచాయతీ తీర్మానం ఉంది అంటున్నారు. మా షెడ్డుకి దొరకని అనుమతి ఆ చెరువులకి ఎలా దొరికింది? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, ఊరికే లాయర్ని కలవండి అని వదిలేయకండి ప్లీజ్.

ప్లాన్ల మేస్త్రి రాశారు:

లంకతోట గారూ, ప్లాన్లు గీసి ఆఫీసుల్లో పెట్టడమే నా పని, ఈ చిక్కుతో వచ్చేవాళ్ళు నాకు కొత్త కాదు. మీరు మూడు వేరు వేరు అనుమతుల్ని ఒకటిగా చూస్తున్నారు, ముందు అవి విడదీద్దాం.

నాలా అనేది మీరు కట్టిన నాటికి ఉన్న 2006 చట్టం కింద కట్టించుకున్నది, అది పూర్తిగా రెవెన్యూ వ్యవహారం. ఈ భూమి ఇకమీదట సాగు భూమి కాదు అని రికార్డులో మార్చడం వరకే దాని పని. సాగు కానప్పుడు అక్కడ ఇల్లు కట్టాలా, మిల్లు పెట్టాలా, కల్యాణ మండపం కట్టాలా అన్నది ఆ కాగితం చెప్పదు. అది చెప్పేది మాస్టర్ ప్లాన్‌లో మీ జోన్. జోన్ ఒప్పుకున్నాక, షెడ్డు చుట్టూ ఎంత వదలాలి, ఎంత ఎత్తు లేపచ్చు, అప్రోచ్ రోడ్డు వెడల్పు ఎంత ఉండాలి, నిప్పు అంటుకుంటే ఫైరింజను లోపలికి వస్తుందా అనేవి భవన నిబంధనలు చూస్తాయి, మన రాష్ట్రంలో 2017లో జీవో 119తో వచ్చినవి. వీటిల్లో ఒకదానికి డబ్బు కట్టినంత మాత్రాన మిగతావి వచ్చినట్టు కాదు. నాలా కట్టించుకున్నారు కదా, ఇప్పుడు కాదంటారేమిటి అని మీకు కోపం రావడం సహజం, ఆ మాట కట్టించుకునేటప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇక మ్యాపు చట్టమా అని అడిగారు. ఉత్త మ్యాపు చట్టం కాదు, కానీ చట్టం చెప్పిన పద్ధతిలో తయారైతే దానికి చట్టం బలం వస్తుంది. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1920లో టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది, ఊరికి ఒక పథకం గీసి ఏ భాగం దేనికో నిర్ణయించే అధికారం మనవైపు అక్కడే మొదలు. పట్టణాలకి 1965 మున్సిపాలిటీల చట్టం, పల్లెలకి 1994 పంచాయతీరాజ్ చట్టం ఉన్నాయి. అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీల కిందికి వచ్చిన ఊళ్ళకి 2016లో చేసిన చట్టం ఉంది. ఈ చట్టాల కింద ముసాయిదా గీస్తారు, జనానికి చూపించి అభ్యంతరాలు అడుగుతారు, వాటిని విని మార్చాల్సినవి మార్చి, మంజూరు చేసి గెజిట్‌లో వేస్తారు. ఈ మెట్లన్నీ ఎక్కిన ప్లాను మీ మీదా నా మీదా పనిచేస్తుంది. మధ్యలో ఆగిపోయింది ఇంకా ముసాయిదాయే.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని, మీ ఊరికి వర్తించే ప్లాను మంజూరైందా, ఏ తేదీన ఏ జీవోతో అయిందో తెలుసుకోవడం. మీ సర్వే నంబరుకి భూ వినియోగ సర్టిఫికెట్ అడగండి, ఇస్తారు. అలాగే ప్లానుతో పాటు ఉండే జోనింగ్ నిబంధనల పుస్తకం కాపీ తీసుకోండి. జనం రంగు చూసి ఆగిపోతారు కానీ అసలు విషయం ఆ పుస్తకంలో ఉంటుంది. ఒక్కో జోన్‌లో ఏది నేరుగా కుదురుతుంది, ఏది షరతులతో కుదురుతుంది, ఏది అసలు కుదరదు అని విడివిడిగా రాసి ఉంటుంది. చాలా ప్లాన్లలో నివాస జోన్‌లో కూడా కాలుష్యం లేని చిన్న కుటీర పరిశ్రమల్ని మోటారు హార్స్‌పవర్‌నీ పనివాళ్ళ సంఖ్యనీ బట్టి ఒప్పుకుంటారు. మీ మిషన్ ఏ గీతకి ఇవతల ఉందో, అవతల ఉందో చూసుకోవాలి.

సార్వా దాళ్వా రాశారు:

మాది భీమవరం వైపు. చట్టం సంగతి పెద్దవాళ్ళు చెబుతారు, ఈ రూల్స్ ఎందుకు కావాలో నేను చెబుతాను, ఎందుకంటే అవి అమలు కాకపోతే ఏమవుతుందో మా చేను చూస్తే తెలుస్తుంది.

మన డెల్టా బల్లపరుపు నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడ వ్యవసాయం అంతా రెండు రకాల కాలువల మీద నడుస్తోంది. ఒకటి నీళ్ళు తెచ్చేది, రెండోది మురుగు తీసుకుపోయేది. వాలు బహు తక్కువ కాబట్టి మధ్యలో ఎవరు గట్టు ఎత్తుచేసినా, బోదె పూడ్చినా, ఎగువన ఉన్నవాడి చేను మునుగుతుంది. మా పక్క కమతాల్లో చెరువులు తవ్వారు. గట్లు ఎత్తుగా పోశారు. వాన పడితే మా నీరు పోవడానికి దారి లేదు. ఇది సగం కష్టం. మిగతా సగం ఉప్పు. వనామీ రకం రొయ్యకి ఉప్పుదనం కావాలని బోర్ల నుంచి ఉప్పునీరు తోడతారు, అది ఊటగా మా చేలోకి దిగుతుంది, చెరువు ఖాళీ చేసినప్పుడు మురుగు కాలువలోకి వదులుతారు, అదే కాలువ నీళ్ళు దిగువన ఇంకొకరు దాళ్వా (రబీ) వరికి ఇంజను పెట్టి తోడుకుంటారు. నారు ఎర్రబడి చచ్చిపోతుంటే ఎవరిని అడగాలి? చివరికి పక్కవాడు కూడా విసిగి, వరి పండదు కాబట్టి తన చేనూ చెరువు కింద ఇచ్చేస్తాడు. అలా ఒక్కో కమతం పోతుంది. చెరువు వేసినవాడు చెడ్డవాడని నేను అనడం లేదు, ఆక్వా మీద మా జిల్లాలో ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో నాకు తెలుసు. చెరువులకి ఒక బ్లాకు, వరికి ఒక బ్లాకు, రెంటికీ వేరే నీటి దారి అని ముందే గీత గీసి, ఆ గీతకి కట్టుబడితే ఇద్దరూ బతుకుతారు. జోన్ అంటే నాకు అర్థమైంది అదే.

2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? గిట్టుబాటు ధర ఒక కారణం అయితే మురుగు దిగకపోవడం ఇంకో కారణం. భూమి ఎవరిదన్నది పాస్ పుస్తకం చెబుతుంది. నీళ్ళు ఎటు పోవాలో అందరూ కలిసి చెప్పుకోవాలి.

లంకతోట తమ్ముడూ, నీ పీచు మిషన్ మీద నాకు కోపం లేదు. కానీ డొక్క నానబెట్టిన నీళ్ళు ఎర్రగా చిక్కగా ఉంటాయి, అవి ఎక్కడికి వదులుతావు? పీచు పొట్టు ఎండాకాలం గాలికి ఎగిరి పక్కింట్లో ఆరేసిన బట్టల మీద, చంటిపిల్ల ఊయల మీద పడితే వాళ్ళు ఏమంటారు? నివాస జోన్ అని రాసిన మనిషి ఆలోచించింది అదే అయ్యుంటుంది.

నిడదవోలు వకీలు రాశారు:

రాజ్యాంగం గురించి అడిగారు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా ఉంది. అందులో 18వ అంశం భూమి, 5వ అంశం స్థానిక ప్రభుత్వాలు. కాబట్టి భూమి వాడకం మీద చట్టం చేసే అధికారం ప్రధానంగా రాష్ట్ర శాసనసభది. 1992లో 74వ సవరణ వచ్చాక 243డబ్ల్యూ అధికరణం, దానికి తోడు 12వ షెడ్యూల్ వచ్చాయి. ఆ షెడ్యూల్‌లో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అంటే ఈ పని మున్సిపాలిటీలకి అప్పగించవచ్చని రాజ్యాంగమే చెప్పింది.

ఆస్తి హక్కు సంగతి. అది ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణతో అందులోంచి తీసేసి 300ఏ అధికరణంగా పెట్టారు. చట్టం అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు అని అది చెబుతుంది. జోన్ పెట్టడం వల్ల మీ నేల మీ దగ్గరే ఉంటుంది, వాడకం మీద హద్దు వస్తుంది, అందుకే మామూలుగా దానికి నష్టపరిహారం ఉండదు. మీ స్థలంలో రోడ్డు వేస్తాం, పార్కు చేస్తాం అని తీసుకుంటే అది వేరు, అప్పుడు పరిహారమో దానికి బదులు అభివృద్ధి హక్కుల బాండో (వేరే చోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికొచ్చే కాగితం) ఇవ్వాలి.

మీరు అడిగిన ప్రశ్న అచ్చం ఇలాగే అమెరికాలో దాదాపు వందేళ్ళ కింద కోర్టుకెక్కింది. న్యూయార్క్ నగరం 1916లో జోనింగ్ పెట్టాక చాలా ఊళ్ళు అదే దారి పట్టాయి. ఒహాయో రాష్ట్రంలో యూక్లిడ్ అనే ఊరు జోన్లు గీస్తే, అక్కడ 68 ఎకరాలు ఉన్న ఒక కంపెనీ, పరిశ్రమలకి పనికొచ్చే మా భూమి ధర పడిపోయింది, ఇది మా ఆస్తిని లాక్కోవడమే అని కేసు వేసింది. 1926లో అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి ఊరి పక్షాన తీర్పు ఇచ్చింది. జనం ఆరోగ్యం, భద్రత కాపాడే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఇళ్ళ మధ్య నుంచి ఫ్యాక్టరీని దూరం పెట్టడం అందులోకి వస్తుంది అని. అయితే రెండేళ్ళకే, 1928లో, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ కేసులో అదే కోర్టు ఒక యజమాని పక్షాన నిలిచింది, ఆ ఫలానా ముక్కకి పెట్టిన హద్దు వల్ల జనానికి ఒనగూడేది ఏమీ లేదని తేలింది కాబట్టి. ఈ రెండూ కలిపి చదవాలి. అవి మన కోర్టులకి కట్టుబాటు కాదు, కానీ ఆలోచన ఎటు నడుస్తుందో తెలుస్తుంది.

మన దగ్గరి తీర్పుల్లో రెండు చెబుతాను. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలుకి మున్సిపాలిటీ అనుమతి ఇస్తే పక్కన ఉండే మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1974లో గెలిచాడు. పథకానికి విరుద్ధంగా ఇచ్చిన అనుమతి వల్ల ఆ వీధిలో ఉండేవాళ్ళ హక్కు దెబ్బతింటుంది, వాళ్ళు కోర్టుకి రావచ్చు అని అందులో ఉంది. అంటే మీ రొయ్యల చెరువుల విషయంలో మీకూ నోరు ఉంది. రెండోది 1991 నాటి బెంగళూరు కేసు. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్లాను మీ చేతులు ఎంత కడుతుందో ప్రభుత్వం చేతులూ అంతే కడుతుంది, ఈ సంగతి మన జనానికి ఎందుకో ఎక్కువగా చేరలేదు.

ఇంకో చిన్న మాట. ఆస్తి మీద హద్దు పెట్టే నిబంధనని బిగించి చదవాలి, అందులో లేని నిషేధాన్ని ఆఫీసరు ఊహించి కలపకూడదు. కాబట్టి మీకు వచ్చిన తిరస్కరణలో ఏ నిబంధన నంబరు రాశారో చూడండి. నంబరు లేకుండా "కుదరదు" అని మాత్రమే ఉంటే, ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి.

కొల్లేటి గాలి రాశారు:

వకీలు గారు చెప్పినవన్నీ బాగున్నాయి, కానీ నేను ఆకివీడు వైపు మనిషిని, గీతలు గీసి వదిలేస్తే ఏమవుతుందో మేము చూశాం. 1999లో కొల్లేటి సరస్సుని ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద గీత ఉంది. నేల మీద మాత్రం చేపల చెరువులు ఉన్నాయి, వాటి మీద లీజులు, అప్పులు, పెళ్ళిళ్ళు అన్నీ నడిచాయి. 2006లో కోర్టు ఉత్తర్వులతో మిషన్లు తెచ్చి గట్లు తెగ్గొట్టారు. పెట్టుబడి పెట్టిన పెద్దవాళ్ళు ఎలాగో తేరుకున్నారు, ఎకరం అరెకరం ఉన్నవాళ్ళూ, చెరువుల మీద కూలికి పోయేవాళ్ళూ నష్టపోయారు. కొల్లేరు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు, కొల్లేటి నీళ్ళని సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరు పారకపోతే మేమే మునుగుతాం. కానీ ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని ఒక రోజు పొద్దున్నే బుల్డోజర్ తేవడం పాలన కాదు. లంకతోట గారి షెడ్డుని మొదటి రోజే ఆపారు, ఎందుకంటే ఆయన నిజాయితీగా దరఖాస్తు పెట్టారు. అడగకుండా తవ్వినవాడు హాయిగా రెండో పంట తీస్తున్నాడు. ఈ తేడా పోనంతవరకు జనం జోన్‌ని గౌరవించరు, గౌరవించమని అడిగే ముఖం కూడా ఆఫీసులకి ఉండదు.

లంకతోట రాశారు:

అందరికీ చాలా థ్యాంక్సండి. సార్వా దాళ్వా అన్నయ్యా, మీరు అడిగిన నీళ్ళ సంగతి మేము లెక్కలోకి తీసుకోలేదన్నది నిజం, పొడి డొక్క మాత్రమే ఆడిద్దామా అని తమ్ముడితో మాట్లాడుతున్నాను. కాగితంలో నిబంధన నంబరు లేదు, "నివాస జోన్ అయినందున తిరస్కరించడమైనది" అని ఒకే ముక్క ఉంది. రెండు సందేహాలు. జోన్ మార్పించుకోవడం అవుతుందా? ఆ చెరువుల మీద ఎవరికి రాయాలి, పంచాయతీ తీర్మానం సరిపోతుందా?

ప్లాన్ల మేస్త్రి రాశారు:

జోన్ మార్పు అవుతుంది, కానీ అది మీ ఒక్కరి కోసం రంగు మార్చడం కాదు, మంజూరైన ప్లానుని సవరించడం. దరఖాస్తు పెడితే పరిశీలించి, మార్చాలనుకుంటే నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడిగి, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఫీజు ఉంటుంది, టైము పడుతుంది. చుట్టూ ఇళ్ళు ఉంటే మీ ఇరుగుపొరుగే అభ్యంతరం పెట్టచ్చు, వాళ్ళకి ఆ హక్కు ఉంది. నన్నడిగితే దానికంటే ముందు ఆ పుస్తకంలో షరతులతో ఒప్పుకునే పనుల్లో మీ మిషన్ ఇముడుతుందేమో చూడండి, పొడి డొక్క, చిన్న మోటారు, పొట్టు ఎగరకుండా మూసిన షెడ్డు అని ప్లాను తిరగరాస్తే మీ దారి తేలిక కావచ్చు. అది కుదరకపోతే వ్యవసాయ జోన్‌లో మీకు గానీ బంధువులకి గానీ ముక్క ఉందేమో చూడండి, పంట ఆధారంగా నడిచే యూనిట్లకి అక్కడ సాధారణంగా వీలు ఉంటుంది. షెడ్డు మురుగు కాలువ పక్కనే అయితే ఇంకో లెక్క. కాలువ పది మీటర్లకి మించి వెడల్పు ఉంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, లోపు అయితే 2 మీటర్లు వదలాలి. ఇంకా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వేరే, 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద. అది వచ్చినా జోన్ సమస్య అలాగే ఉంటుంది, కాబట్టి వరుస తప్పకండి. ఇవన్నీ తేలేదాకా మిషన్‌కి అడ్వాన్సు ఇవ్వకండి.

నిడదవోలు వకీలు రాశారు:

చెరువుల సంగతి నేను చెబుతాను. పంచాయతీ తీర్మానం ఒక్కటే సరిపోదు. సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న ఇచ్చిన జగన్నాథ్ తీర్పు తీరప్రాంత రొయ్యల సాగు గురించే, పంట భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది, తీరప్రాంతంలో ఉప్పునీటి సాగు చేసేవాళ్ళు దాని కింద నమోదు చేసుకోవాలి. మన రాష్ట్రం 2020లో ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం తెచ్చింది, జనం అప్సడా అంటారు, చెరువులకి లైసెన్సు దాని కిందకి వస్తుంది. సముద్రానికో ఆటుపోటు తగిలే కాలువకో దగ్గరైతే 1986 పర్యావరణ చట్టం కింద వచ్చిన సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ కూడా చూడాలి, ఇప్పుడున్నది 2019ది.

ముందు సమాచార హక్కు చట్టం కింద ఫిషరీస్ శాఖకి ఒకటి, మండల రెవెన్యూ ఆఫీసుకి ఒకటి దరఖాస్తు పెట్టండి. ఫలానా సర్వే నంబర్లలో చెరువులకి ఏ అనుమతి ఉంది, ఆ నంబర్లు ఆక్వా జోన్‌లో ఉన్నాయా, కాపీలు ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అది చేతికొచ్చాక కలెక్టర్‌కి అర్జీ పెట్టండి, కాపీ డ్రెయిన్ల ఇంజినీర్లకి కూడా. తీర్మానం కాపీ తప్పకుండా తీసుకోండి, గ్రామసభలో చదివారో లేదో కూడా తెలుస్తుంది.

సార్వా దాళ్వా రాశారు:

ఒక్కటి కలుపుతాను. ఒంటరిగా అర్జీ పెట్టకు తమ్ముడూ. ఆ కాలువ కింద ఉన్న రైతులందరి సంతకాలు తీసుకో, కౌలు రైతుల్ని మర్చిపోకు, నష్టం ముందు తగిలేది వాళ్ళకే. నీళ్ళు, మట్టి శాంపిల్ తీసి భూసార పరీక్ష కేంద్రంలో ఉప్పుదనం చూపించి ఆ రిపోర్టు జత చెయ్యి. మా అర్జీ తోసేసినప్పుడల్లా రిపోర్టు ఏదని అడిగారు. చెరువు వాళ్ళతో కూడా ముందు ఒకసారి కూర్చుని మాట్లాడు, గట్టు పక్కన ఊట కాలువ తవ్వి నీరు మళ్ళిస్తామని ఒప్పుకుంటే కొంత ఉపశమనం, మా దగ్గర ఒక కమతం వాళ్ళు అలా చేశారు.